విలియం లాయిడ్ గారిసను చరిత్రము

1831వ సంవత్సరము ఏప్రిలు 23వ తేదిని అమెరికా సంయుక్తరాష్ట్రములలోని బోస్టను నగరమున వెలువడిన లిబరేటరు అను వారపత్రిక శిరోభాగమున నొక క్రొత్త బొమ్మ కానవచ్చెను. అంతకు ముందు వెలువడిన పదునాఱు సంచికలకును పత్రిక పేరు మాత్రము సాదా యక్షరములతో నచ్చువేయబడియుండెను. డేవిడ్ క్లేపూల్ జాన్‌స్టను అను చిత్రకారుడు ఈ బొమ్మను కల్పించెను. దానిని కొయ్యదిమ్మెపై చెక్కించి యచ్చునకెక్కించిరి. అందు వేలము వేయువాడొకడు నిలిచియున్నాడు. వాని యెదుట నొక బానిసకుటుంబము అమ్మకమునకు పెట్టబడియున్నది. బానిసలును గుఱ్ఱములును తక్కిన పశువులును విక్రయింపబడునని తెలుపు ప్రకటన యొకటి పలకమీద వ్రాయబడియున్నది. కొంచెము దూరమున నొకనిని స్తంభమునకు గట్టి కొరడాతో కొట్టుచున్నారు. వీనికన్నిటికిని వెనుక వాషింగ్టను నగరమందలి శాసనసభాభవనపు గోపురమును, దానిమీద స్వాతంత్ర్యమను మాట వ్రాసిన జెండాయు గలవు. నేలమీద దుమ్ములో, ఆ దేశపు మొదటి నివాసులతో దొరతనమువారు చేసికొనిన యొడంబడిక పత్రములు త్రొక్కుడుపడియున్నవి.

ఆ కాలపు అమెరికా చరిత్రమంతయు నీ యొక్క బొమ్మలో నిమిడియున్నదనిన నతిశయోక్తి కానేరదు. మనుష్యులందఱును సమానులుగా సృజింపబడిరని 1776వ సంవత్సరమున లోకమునకు చాటిన దేశమున, 1830వ సంవత్సరపు జనాభాలెక్కలనుబట్టి ఇరువది లక్షలమంది బానిసలుండిరి. ఆ రాజధానీనగరమునందే బానిసవర్తకము చట్టసమ్మతమై 1850వ సంవత్సరమువఱకు సాగెను. ఇది యెవరికిని తెలియని సంగతి కాదు. తెలిసినదానిని చూడకుండుట కందఱును అలవాటుపడియుండిరి. చూపును మరల్చుకొనినవారి కన్నులయెదుట వారమువారము దీనిని నిలువబెట్టినవాడు ఇరువదియైదేండ్ల ప్రాయము గల యొక యచ్చుకూటపు పనివాడు. ఆయన చరిత్రమే యీ చిన్నపుస్తకమున చెప్పబూనితిమి.

విలియం లాయిడ్ గారిసను 1805వ సంవత్సరము డిసెంబరు నెలలో మాసచూసెట్సు రాష్ట్రమున న్యూబరీపోర్టు అను రేవుపట్టణమున జన్మించెను. తండ్రి ఓడనడపువాడు. అతడు మద్యపానమునకు లోబడి, 1808వ సంవత్సరమున నాలుబిడ్డలను విడిచి పోయి మరల తిరిగి రాలేదు. తల్లి గొప్ప భక్తురాలు. ఆమె పరుల యిండ్లలో రోగులకు పరిచర్య చేసి బిడ్డలను పోషించుచు వచ్చెను. బాలుడు సంపన్నుల వంటయిండ్లయొద్ద నిలువబడి మిగిలిన యాహారమును గిన్నెలో పెట్టించుకొని తెచ్చుటయు గలదు. అన్న జేమ్సు తండ్రి త్రోవనే పోయి, పానదోషముచేతను నౌకాదళమునందలి కఠినశిక్షలచేతను చెడి, తుదకు తమ్మునియింట ప్రాణములు విడిచెను. మద్యమునెడ గారిసనునకు జీవితాంతము నిలిచిన ద్వేషము పుస్తకములలో చదివి నేర్చినది గాదు.

పాదరక్షలు కుట్టుటయు, బల్లలు పెట్టెలు చేయుటయు నేర్పింపజూచిరి గాని యేదియు నంటలేదు. 1818వ సంవత్సరమున, పదుమూడవయేట, ఊరి పత్రికయగు న్యూబరీపోర్టు హెరాల్డు అచ్చుకూటమున నేడేండ్ల యొడంబడికపై చేరెను. చేతి కందకపోగా నొక పీటనెక్కి సీసపుటక్షరములను గళ్లలోనుండి యేఱి కూర్చుట నేర్చెను. బడిచదువు కొద్దిగనే జరిగిన యీ బాలునకు ఆ యక్షరపు గళ్లే పాఠశాల యయ్యెను. కొలదికాలమునకే ఆయన చేతివ్రాతప్రతి లేకుండ, తలలోని వాక్యమును నేరుగా లోహములో కూర్చునంతటివాడయ్యెను. ఈ యభ్యాసమును చదువరులు జ్ఞాపకముంచుకొనవలయును. కాగితముమీద వ్రాసినవాడు కొట్టివేసి మరల వ్రాయగలడు. ఒక్కొక్క యక్షరమును వ్రేళ్లతో ఎత్తి పెట్టువాడు మాటయొక్క బరువును తూచి చూచును. ఆయన వచనము కఠినముగా నున్నదని నిందించినవారు పెక్కుఱు గలరు గాని, తొందరపాటు వచనమని యెవరు ననజాలరు.

1826వ సంవత్సరమున సొంతముగా నొక పత్రికను నడిపి యప్పులపాలయ్యెను. తరువాత కవిగా ప్రసిద్ధి గాంచిన విట్టియరు తొలి పద్యమును ప్రకటించినది ఆ పత్రికయే. 1828వ సంవత్సరమున బోస్టనులో మద్యపాననిషేధమునకై వెలువడుచుండిన పత్రికకు సంపాదకుడయ్యెను. అచ్చటనే బెంజమిన్ లండీ అను క్వేకరు మతస్థుడు ఆయనకు తారసిల్లెను. లండీ జీనులు కుట్టు వృత్తివాడు; బానిసత్వమునకు వ్యతిరేకముగా పత్రిక నడుపుచు, ఊరూరను కాలినడకను తిరుగుచుండువాడు. ఆయన పిలుపుపై గారిసను 1829వ సంవత్సరమున బాల్టిమోరు నగరమునకు పోయెను. ఆ నగరమున బానిసలను నిలువజేయు కొట్టములు వీధులలోనే యుండెను. సంకెళ్ల చప్పుడు నిద్రలో సైతము వినబడుచుండెను.

న్యూబరీపోర్టునకు చెందిన వర్తకు డొకడు తన యోడపై బాల్టిమోరునుండి న్యూ ఆర్లియన్సునకు డెబ్బదియైదుగురు బానిసలను చేరవేసెనని తెలిసి, తన యూరివాడని సంకోచింపక, గారిసను వాని పేరు పెట్టి పత్రికలో దూషించెను. పరువునష్టపు నేరముపై విచారణ జరిగెను. ఓడ బానిసలను కొనిపోయిన మాట వాస్తవమే. అది చట్టవిరుద్ధమును గాదు. కావున చట్టసమ్మతమైన వర్తకమును చేసినవాడు మర్యాదస్థుడును, దానిని పాపమనినవాడు నేరస్థుడును అయ్యెను. జ్యూరీవారు పదునైదు నిమిషములలో తీర్మానము చెప్పిరి. న్యాయవాదవృత్తి నవలంబించిన మావంటివారు ఈ తీర్పును చదువునపుడు తల వంచుకొనవలసియున్నది. ఏలయన నందు చట్టదృష్టిని పెద్దలోప మేమియు గానరాదు. ఏబది డాలర్ల జరిమానాయు ఖర్చులును చెల్లింపజాలక 1830వ సంవత్సరము ఏప్రిలు 17వ తేదిని చెరసాల ప్రవేశించి, నలుబదితొమ్మిది దినము లచ్చటనుండి, న్యూయార్కు వర్తకుడగు ఆర్థర్ టప్పను సొమ్ము చెల్లింపగా విడుదల గాంచెను. చెరసాలనుండియే తన విచారణవృత్తాంతమును చిన్నపుస్తకముగా వ్రాసి యచ్చువేయించెను.

బోస్టనునకు తిరిగివచ్చి ఉపన్యసింపబోగా క్రైస్తవదేవాలయములవారెవ్వరును చోటీయలేదు. దేవుడు లేడను వారని పేరుపొందిన స్వతంత్రవిచారకుల సంఘమువారు తమ మందిరమునిచ్చిరి. ఆ యుపన్యాసమును వినినవారిలో ఏకేశ్వరవాదులగు యూనిటేరియనుల యుపదేశకుడు శామ్యూల్ మే గారొకరు. ఆయన యానాడే గారిసనునకు సహాయుడయ్యెను. 1831వ సంవత్సరము జనవరి 1వ తేదిని గారిసనును, ఆయన మిత్రుడు ఐజాక్ నాపును లిబరేటరు మొదటి సంచికను నాలుగువందల ప్రతులు వెలువరించిరి. వారికి సొంత యక్షరములు లేవు. యూనిటేరియనుల పత్రికయగు క్రిస్టియన్ ఎగ్జామినరు అచ్చువేయు కూటమున పగలు కూలిపని చేసి, దానికి బదులుగా రాత్రులందు వారి యక్షరములతో తమ పత్రికను కూర్చుకొనిరి. రొట్టెయు పాలును పండ్లును భుజించి, ఆఫీసునేలమీదనే పండుకొనుచుండిరి.

ఆ మొదటి సంచికలోనే ఆయన చేసిన పని యొకటి, నా యభిప్రాయమున, ఆయన ధైర్యకార్యములన్నిటిలోను మిన్నయైనది. 1829వ సంవత్సరము జూలై 4వ తేదిని బోస్టనులోని యొక పెద్ద దేవాలయమున నుపన్యసించుచు, బానిసత్వమును క్రమక్రమముగా తొలగింపవలయునను పక్షము నాయన యంగీకరించియుండెను. ఇప్పు డది తప్పనియు, పిఱికితనమనియు, దానికై దేవుని, దేశమును, బానిసలగు సోదరులను క్షమాపణ వేడుచున్నాననియు తన చేతితోనే యక్షరములు కూర్చి ప్రకటించెను. పరుల పాపమును ఖండించుటకు పూనిన పత్రిక తన పాపమును ముందుగా నొప్పుకొనెను. మనలో సంస్కారప్రియులు బాల్యవివాహమును గూర్చియు నస్పృశ్యతను గూర్చియు నెన్నిమాఱులు కాలము రావలయునని చెప్పియుండిరో వేఱుగ వ్రాయనక్కఱలేదు.

పత్రికను నిలువబెట్టిన దెవరు? ఫిలడెల్ఫియాలో ఓడల తెరచాపలు కుట్టించు కర్మాగారమునకు యజమానుడగు జేమ్సు ఫోర్టెను, నల్లజాతికి చెందిన స్వతంత్రుడు, మొదటి సంచిక వెలువడుటకు పూర్వమే ఇరువదియేడుగురు చందాదారుల పేర్లును ఏబదినాలుగు డాలర్లును పంపెను. కాగితపు బాకీ యా సొమ్ముతో తీఱెను. 1834వ సంవత్సరమునాటికి చందాదారులు సుమారు రెండువేల మూడువందలమంది. వారిలో నాలుగింట మూడువంతులు నల్లవారే. మంగళ్లును నావికులును చాకలి స్త్రీలును బడిపంతుళ్లును తమ స్వల్పాదాయములనుండి సొమ్మిచ్చి యా కాగితమును బ్రతికించిరి.

ఈ సంగతి మనసునందుంచుకొని ఆ యుద్యమమున కంతకు గుఱుతైన మఱియొక బొమ్మను చూడుడు. ఇంగ్లండులో కుమ్మరిపనియందు ప్రఖ్యాతుడగు జోసయా వెడ్జివుడ్డు 1787వ సంవత్సరమున నొక చిన్న బిళ్లను చేయించెను. అందు సంకెళ్లతో మోకరిల్లి చేతులు జోడించిన నల్లవాడు తానును మనుష్యుడను సోదరుడను గానా యని యడుగుచున్నట్లున్నది. ఆ బొమ్మ సముద్రము దాటి అమెరికాకు వచ్చి పుస్తకముల మీదను పింగాణీపాత్రలమీదను స్త్రీలు కుట్టిన సంచులమీదను వ్యాపించెను. 1832వ సంవత్సరమునుండి లిబరేటరులో స్త్రీలకై ప్రత్యేకించిన భాగమునకు తలకట్టుగా మోకరిల్లిన బానిసస్త్రీ బొమ్మ నుంచిరి. రాతిగుండెలను సైతము కరగించిన బొమ్మ యది. దాని యుపకారమును తక్కువ చేయరాదు. అయినను మోకరిల్లినవానిని చూచి జాలిపడుట సులభము. నిలుచున్నవానితో సమానముగా కూర్చుండుట కష్టము. చెక్కడపుబొమ్మ మోకరిల్లియుండగా, దానిని అచ్చువేయుటకు సొమ్మిచ్చినవారు కాళ్లపై నిలిచియుండిరి.

1832వ సంవత్సరము జనవరి 6వ తేది రాత్రి, మంచు కురియుచుండగా, బోస్టనులోని నల్లవారి ప్రార్థనామందిరపు క్రిందిగదిలో న్యూ ఇంగ్లండు బానిసత్వవిరోధిసంఘము స్థాపింపబడెను. తక్షణవిమోచనమను మాటను నియమావళిలో చేర్చుటకు సందేహించి, పత్రికకు ధనసహాయము చేయుచుండిన న్యాయవాదులు సూయెలు, లోరింగు గారలు మొదట సంతకము చేయరైరి. పండ్రెండుగురు చేసిరి. మా వృత్తివారి జాగ్రత్త అన్ని దేశములలోను నొక్కటియే కాబోలు.

పత్రిక చందాదారులు మూడువేలను మించిన కాలము లేదు. అట్టి చిన్న కాగితము దేశమునంతను గడగడలాడించుటకు హేతువు తపాలాచట్టమున నున్నది. పత్రికాసంపాదకులు తమలోతాము ప్రతులను కూలి లేకుండ మార్చుకొనవచ్చునని యా దేశపు నియమము. దక్షిణదేశపు సంపాదకులు లిబరేటరును చదివి, మండిపడి, తిట్టుటకై యందలి వాక్యములను తమ పత్రికలలో నెక్కించుకొనిరి. ఉత్తరదేశపు సంపాదకులా తిట్లను తిరిగి యచ్చువేసిరి. ఇట్లు విరోధులే యాయన వ్రాతలను ఊరూర మోసిరి. 1831వ సంవత్సరము ఆగస్టు నెలలో వర్జీనియాలో నాట్ టర్నరు నాయకత్వమున బానిసలు తిరుగబడగా, హింసను సర్వవిధముల నిరాకరించిన గారిసనునే కొందఱు కారకునిగా నెంచిరి. జార్జియా శాసనసభవారు ఆయనను పట్టితెచ్చి శిక్షింపజేసినవారికి ఐదువేల డాలర్లు బహుమానము ప్రకటించిరి. 1835వ సంవత్సరము జూలై 29వ తేది రాత్రి చార్లెస్టనులో జనులు తపాలాకార్యాలయమును పగులగొట్టి, బానిసత్వవిరోధిసాహిత్యపు సంచులను తీసికొనిపోయి, మఱునాటి రాత్రి గారిసను దిష్టిబొమ్మతో గూడ మంటలో వేసిరి. ఆ దోపిడిని చూపు శిలాముద్రణచిత్రము నేటికిని నిలిచియున్నది. దోచువారు మంచి దుస్తులు ధరించిన గృహస్థులుగనే యందు కానవచ్చుచున్నారు.

1833వ సంవత్సరమున గారిసను ఇంగ్లండునకు పోయి వృద్ధుడగు విల్బరుఫోర్సును దర్శించెను. కొలది వారములకే ఆ మహనీయుని యంత్యక్రియలందు పాల్గొనెను. మన రాజా రామమోహన రాయలవారును ఆ వేసవియందు ఇంగ్లండునందే యుండి సెప్టెంబరు 27వ తేదిని బ్రిస్టలులో కీర్తిశేషులైరి. ఆ ప్రయాణమున గారిసనునకు లభించిన మిత్రుడు జార్జి తామ్సను అను వాగ్మి. మఱుసటి సంవత్సరము తామ్సను అమెరికాకు వచ్చి యుపన్యాసములీయసాగెను.

1835వ సంవత్సరము అక్టోబరు 21వ తేదిని బోస్టను వీధులలో నొక కరపత్రము పంచిపెట్టబడెను. తామ్సనుపై మొదట చేయి వేసినవానికి నూఱు డాలర్లు చందా పోగుచేయబడియున్నదని దాని సారాంశము. నాటి మధ్యాహ్నము లిబరేటరు ఆఫీసున్న మేడలోనే స్త్రీల బానిసత్వవిరోధిసంఘపు సభ జరుగవలసియుండెను. వేలకొలది జనులు మూగిరి. తామ్స నచ్చట లేడు. నగరాధ్యక్షుడు వచ్చి స్త్రీలను లేచిపొమ్మని వేడుకొనగా, తెల్లస్త్రీలును నల్లస్త్రీలును చేతులు పట్టుకొని జంటలుజంటలుగా నా కేకలనడుమనుండి నడచిపోయిరి. సంఘపు పేరుపలకను గుంపువారు ముక్కలు చేసిరి. వెనుకకిటికీ దుమికి వడ్రంగికొట్టులో దాగిన గారిసనును పట్టి, నడుమునకు త్రాడు గట్టి వీధులవెంట ఈడ్చిరి. ఇరువురు బలవంతులు అడ్డుపడి ఆయనను నగరకార్యాలయమునకు చేర్చుటచే ప్రాణము దక్కెను. చినిగిన బట్టలకు మాఱుబట్టలు తొడిగించి, శాంతిభంగము చేసినవాడను నేరముపై రాత్రికి చెరసాలయందుంచిరి! మఱునాడు ఊరు విడిచి పొమ్మనిరి. తామ్సనును ఓడనెక్కి స్వదేశమునకు పోయెను. మఱుసటి యేట పుట్టిన తన జ్యేష్ఠపుత్రునకు గారిసను జార్జి తామ్సను అని పేరు పెట్టుకొనెను.

మన సమాజపు వారెల్లరు గౌరవించు చానింగు గారు ఆ బోస్టనులోనే యుండిరి. ఆయన 1835వ సంవత్సరమున బానిసత్వమును ఖండించుచు నొక గ్రంథము ప్రకటించిరి. అయినను గారిసను పరుషవాక్యములను మెచ్చరైరి. సౌమ్యుల గ్రంథమును సౌమ్యులు చదివిరి. గారిసను కాగితమును చదువనివారు సైతము దానిని మఱచిపోలేకపోయిరి. ఇరువురును కావలసినవారే యని చెప్పుట సులభము. కాని త్రాడు పడినది యొక్కని నడుమునకే.

ఇంగ్లండునకు పోవుటకు ముందు న్యూ హేవెనులో నథానియేలు జోస్లిను అను చిత్రకారుడు గారిసను ప్రతిరూపమును రచించెను. అది యిప్పుడు వాషింగ్టనులోని జాతీయ ప్రతిరూపచిత్రశాలయం దున్నది. ఆ జోస్లినే కొన్నియేండ్లకు సింకే అను నాఫ్రికావాని చిత్రమును వ్రాసెను. సింకే 1839వ సంవత్సరమున అమిస్టాడు అను నోడలో తోటిబందీలను కూడగట్టి తిరుగబడినవాడు. 1841వ సంవత్సరమున అమెరికా యత్యున్నతన్యాయస్థానము వారిని స్వతంత్రులుగా తీర్మానించెను. ఈ చిత్రమున సింకే తెల్లని వస్త్రమును భుజముపై వేసికొని, చేత దండము ధరించి, దూరముగా చూచుచు నిలిచియున్నాడు. సంకెల లేదు, మోకరింపు లేదు. దీనిని వ్రాయించిన రాబర్ట్ పర్విసు పైని చెప్పిన ఫోర్టెను గారి యల్లుడు. ఫిలడెల్ఫియాలోని చిత్రకారులసంఘమువారు తమ ప్రదర్శనమున దానిని ఉంచుట కంగీకరింపలేదు. మోకరిల్లిన బొమ్మకు లభించిన స్వాగతము నిలిచిన బొమ్మకు లభింపలేదు.

గారిసను సైతము ఈ పరీక్షలో నొకచోట తడబడెను. 1841వ సంవత్సరమున నాంటకెటు దీవిలో ఫ్రెడరిక్ డగ్లసు అను పాఱివచ్చిన బానిస సభలో లేచి మాటలాడగా విని, ఆయనను ఉద్యమమునకు తెచ్చినది గారిసనే. 1845వ సంవత్సరమున డగ్లసు స్వీయచరిత్రమునకు పీఠిక వ్రాసి, తమ సంఘపు టాఫీసునుండి వెలువరించెను. ఆ పుస్తకపు ముఖచిత్రమున డగ్లసు తలయెత్తి చదువరిని సూటిగా చూచుచున్నాడు. కాని 1847వ సంవత్సరమున డగ్లసు సొంతపత్రిక పెట్టబూనగా గారిసను వలదనెను; పెట్టినందుకు నొచ్చుకొనెను. రాజ్యాంగమునుగూర్చి యభిప్రాయభేదము కలిగినప్పు డా నొప్పి వైరమయ్యెను. అమెరికా రాజ్యాంగము బానిసత్వముతో చేసికొనిన సంధియని గారిసను సిద్ధాంతము. 1854వ సంవత్సరము జూలై 4వ తేదిని సభలో దాని ప్రతిని కాల్చివేసెను. అందలి వాక్యములనే బానిసత్వమునకు వ్యతిరేకముగా ప్రయోగింపవచ్చునని డగ్లసు నిశ్చయించుకొనెను. న్యాయశాస్త్రదృష్టితో నేను డగ్లసు పక్షము. ఇన్నియేండ్లు నిలువుమని బోధించినవాడు, నిలిచినవాడు తన నీడను దాటి నడచినప్పుడు ఓర్వలేకపోవుట గొప్పవారియందును గల లోపము.

స్త్రీలవిషయమున నట్టి లోపము కలుగనీయలేదు. 1840వ సంవత్సరమున లండనులో జరిగిన బానిసత్వవిరోధుల మహాసభలో అమెరికానుండి ప్రతినిధులుగా వచ్చిన స్త్రీలకు స్థానమీయ నిరాకరింపగా, ఆలస్యముగా చేరిన గారిసను తన స్థానమును విడిచి, ప్రేక్షకులు కూర్చుండు మేడవసారాలో వారితో కూర్చుండి సభ ముగియువఱకు నోరు విప్పలేదు.

తామ్సను మాట యొకటి చెప్పవలసియున్నది. రామమోహన రాయలవారి మిత్రులును బ్రహ్మసమాజపోషకులును అగు ద్వారకానాథ ఠాకూరుగారు 1842వ సంవత్సరాంతమున విలాయతునుండి మరలివచ్చుచు ఈ తామ్సనునే వెంట తెచ్చిరి. 1843వ సంవత్సరము ఏప్రిలులో కలకత్తాయందు స్థాపింపబడిన బెంగాల్ బ్రిటిష్ ఇండియా సంఘమునకు తామ్సనే యధ్యక్షుడయ్యెను. బోస్టను కరపత్రము నూఱు డాలర్లు వెలకట్టిన యా కంఠమే బంగాళమున విద్యావంతులగు యువకులకు రాజకీయసభల రీతిని నేర్పెను.

అంతర్యుద్ధవృత్తాంతము చదువరులెఱిగినదే. 1865వ సంవత్సరము ఏప్రిలు నెలలో చార్లెస్టను రేవునందలి సమ్టరు కోటపై జెండా మరల నెత్తు నుత్సవమునకు దొరతనమువారు గారిసనును అతిథిగా నాహ్వానించిరి. తామ్సనును వెంట నుండెను. ముప్పదియేండ్ల క్రిందట తన దిష్టిబొమ్మను కాల్చిన యూర విడుదలగాంచిన నల్లవారు ఆయనను భుజములపై మోసిరి. ఆ డిసెంబరున బానిసత్వమును రద్దుచేయు రాజ్యాంగసవరణ యమలులోనికి వచ్చెను. ఆ నెల 29వ తేదిని లిబరేటరు 1,820వ సంచికతో నిలిచిపోయెను. ముప్పదియైదేండ్లలో నొక్క వారమును తప్పలేదు. చివరి సంచికలోని చివరి ఖండికను ఆయనయే యక్షరములు కూర్చెను.

1878వ సంవత్సరము అక్టోబరులో, పనిలో చేరి యఱువదియేండ్లు నిండిన సందర్భమున, గారిసను న్యూబరీపోర్టు హెరాల్డు అచ్చుకూటమునకు పోయి, అక్షరపు గళ్లయెదుట నిలువబడి, తన పద్యములు మూడింటిని స్వహస్తముతో కూర్చెను. వ్రేళ్ల కెక్కడి యక్షర మెక్కడనున్నదో యింకను జ్ఞాపకముండెను. మఱుసటి యేట మే 24వ తేదిని న్యూయార్కులో కుమార్తె యింట, బిడ్డలు చుట్టును చేరియుండగా, ఆయన పరమపదించెను.